ఒప్పుకునే ముందు



ఆలేరులో ఒక ఆదివారం పూజ ముగిశాక ఒక నేత సోదరుడు గుడి మెట్ల మీద నన్ను ఆపి సందేహం అడిగాడు. ఇద్దరు షావుకారుల దగ్గర పని ఒప్పుకున్నాడు. ఇద్దరికీ ఒకే తేదీ చెప్పాడు. ఆ తేదీకి రెండు పడుగులూ దిగవని చెప్పిననాడే అతనికి తెలుసు. "ఇయ్యాల కాదంటే రేపు నన్నెవరు పిలుస్తరు ఫాదర్? ఇది పాపమేనా?" అన్నాడు.

ఇది నేతవారి ప్రశ్న మాత్రమే కాదు. నెల జీతం లేని ప్రతి ఇంటిదీ. దర్జీలు, మేస్త్రీలు, పెళ్లి ఫోటోలు తీసేవారు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరెవరికో పని చేసిపెట్టే మన పిల్లలు, అందరిదీ. మాఘ ఫాల్గుణాల్లో ఊపిరాడనంత పని, ఆషాఢంలో ఖాళీ చేతులు. కాబట్టి అతణ్ణి అత్యాశపరుడనడానికి నాకు నోరు రాలేదు. మత్తయి సువార్త 20వ అధ్యాయంలో పొద్దుగూకే దాకా అంగడివీధిలో నిలబడిన కూలీలు సోమరులు కారు. వారిని ఎవరూ పిలవలేదు, అంతే. ఆ భయం అనుభవించినవారికే తెలుసు.

అయినా మాట మాటే. పునీత తోమాసు అక్వినాసు గారు 13వ శతాబ్దంలోనే దీన్ని విచారించారు. చేయాలనే ఉద్దేశంతో మాట ఇచ్చినవాడు, పరిస్థితి మారి చేయలేకపోతే అబద్ధికుడు కాడని ఆయన తీర్పు. వానలకు మగ్గం గుంటలో నీరు ఊరితే నేతగాడి తప్పేముంది? కాని కాదని తెలిసీ చెప్పిన తేదీ అబద్ధమే. అతనికి ఆ మాటే చెప్పాను. తలవంచుకుని విన్నాడు.

తర్వాత ఏదో తోచి అడిగాను: "మరి రెండింటికీ కండెలు ఎవరు చుడతారు? దారాలు ఎవరు కడతారు?"

"ఇంకెవరు ఫాదర్, మా ఇంటామె. రాత్రిపూట పెద్దపిల్ల."

పెద్దపిల్ల పదో తరగతి.

ఇదే మండలంలోని శారాజీపేట సంగతి మీకు తెలుసు. చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మి గారు ఆసు పోసేవారు. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి అటూ ఇటూ తిప్పాలి. గంటల తరబడి పని. రోజుకు రెండు చీరలకు మించి సాగేది కాదు. ఆమె భుజం నొప్పి చూడలేక కొడుకు 1992లో యంత్రం కోసం ప్రయత్నం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి విఫలమై, 1999లో సాధించారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రంతో చాలా ఇళ్లలో పని వేగం పెరిగింది. అయితే ఆయన చూసింది ముందు చీరల లెక్కను కాదు, చీర వెనుక ఉన్న భుజాన్ని.

సెమినరీలో మాకు మాట ఇవ్వడమంటే ఇద్దరి మధ్య వ్యవహారమని నేర్పారు. ఇక్కడ మూడో మనిషి ఉంది. షావుకారుకు "సరే" అన్నది భర్త. తాకట్టు పడింది భార్య చేతులు, బిడ్డ నిద్ర. వారిని ఎవరూ అడగలేదు. ఆ అబద్ధం కంటే నన్ను ఎక్కువ బాధించింది ఇదే.

పని ఇచ్చేవారూ ఈ పత్రిక చదువుతారు కనుక ఒక మాట. ఈసారి కుదరదన్నవాణ్ణి మరోసారి కూడా పిలిచేవారుంటే, ఇలాంటి అబద్ధాలు సగం పుట్టవు.

మరుసటి ఆదివారం అతను మళ్లీ కనిపించాడు. ఇంట్లో అడిగాడట. ఒక్క పడుగే అవుతుందని భార్య చెప్పిందట. రెండో షావుకారుకు ఫోను చేసి, ఇంకో నెల పడుతుందని ఉన్నమాట చెప్పాడు. ఆయన ఏమీ అనకుండా ఫోను పెట్టేశాడు. మళ్లీ పిలుస్తాడో లేదో ఇంకా తెలియదు.