మూడో కిట్

మూడు కిట్లు కొనాలి. నేను రెండే కొన్నాను. కొనని ఆ మూడోదాని గురించే ఈ వ్యాసం.

స్కూబా డైవింగ్ తెలియనివాళ్ళకి ముందు కాస్త వివరం. వీపు మీది సిలిండర్‌లో గాలి సుమారు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. దాన్ని తిన్నగా పీల్చలేం. అందుకని రెండు మెట్లు. సిలిండర్‌కి బిగించే ఫస్ట్ స్టేజ్ ఆ ఒత్తిడిని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే ఓ 9, 10 బార్లు మాత్రమే ఎక్కువుండేలా దించుతుంది. నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ మిగతాది కూడా దించి, పీల్చినప్పుడు మాత్రమే, పీల్చినంతే ఇస్తుంది. ఇదంతా కలిపి రెగ్యులేటర్. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ చేసిన పరికరం దీనికి పూర్వీకుడు. యుద్ధంలో పెట్రోలు దొరకని రోజుల్లో కార్లు గ్యాస్‌తో నడవడానికి ఇంజనీరు గాన్యాన్ తయారుచేసిన వాల్వు ఊపిరికి పనికొచ్చింది.

లోపల గాలిని ఆపేవి, వదిలేవి చిన్న చిన్న రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలు. అవి గట్టిపడతాయి, అరుగుతాయి. సర్వీస్ కిట్ అంటే వాటి బదులు వేసే ముక్కల పొట్లం: ఓ-రింగులు, వాల్వు మూసుకునేచోట ఆనే సీటు, చిన్న ఫిల్టరు, ఇంకా మోడల్‌ని బట్టి ఒకటో రెండో. ఏడాదికో రెండేళ్ళకో, పాడైనా కాకపోయినా, మార్చమంటారు. ఫస్ట్ స్టేజ్‌కి ఒక కిట్, ఒక్కో సెకండ్ స్టేజ్‌కి ఒక్కో కిట్. చాలా కంపెనీలు వీటిని తమ దగ్గర శిక్షణ పొందిన టెక్నీషియన్లకే అమ్ముతాయి.

ఈ చివరి సంగతి దగ్గరే నాకు మండేది. కోడ్ రాసి బతికేవాణ్ణి. నేను కొన్న వస్తువుని నేను విప్పకూడదంటే ఒప్పుకోలేను. మాన్యువల్ చదివాను, ఒత్తిడి కొలిచే గేజ్ కొన్నాను, కిట్లు విడిగా అమ్మే కంపెనీ రెగ్యులేటరే ఎంచుకున్నాను. "ప్రాణాలతో ఆటలేంట్రా?" అన్నాడు నాతో డైవింగ్‌కి వచ్చే స్నేహితుడు. "నా ప్రాణమేగా" అన్నాను. వాదనలో అతనికి జాన్ స్టూవర్ట్ మిల్‌ని కూడా అప్పజెప్పాను. ఇతరులకి హాని జరగనంతవరకూ నా జోలికి రావడానికి సమాజానికి హక్కు లేదని 1859లోనే రాశాడు కదా పెద్దమనిషి! అక్కడితో గెలిచాననుకున్నాను.

హైదరాబాద్‌లో మా డైనింగ్ టేబుల్ మీద తెల్ల తువ్వాలు పరిచి రెగ్యులేటర్ విప్పిన రాత్రి, లెక్క చూస్తే సెకండ్ స్టేజ్‌లు రెండున్నాయి. ఒకటి నేను పీల్చేది. రెండోది పసుపు రంగు గొట్టంతో పక్కన వేలాడేది, దాన్ని ఆక్టోపస్ అంటారు. నీళ్ళలో పక్కవాడికి గాలి అయిపోతే అందుకుని పీల్చడానికి ఉంటుంది అది. నా రెండేళ్ళ డైవింగ్‌లో ఎవరికీ ఇవ్వాల్సిన అవసరం రాలేదు. కొత్తగా కనిపిస్తోంది. కొరియర్‌తో కలిపి ఇంకో రెండున్నర వేలు ఎందుకులే అనుకున్నాను. వాడనిది అరుగుతుందా?

అరుగుతుంది. సెకండ్ స్టేజ్‌లో ఒక స్ప్రింగు సీటుని పదునైన అంచు మీదకి అదిమి ఉంచుతుంది. బీరువాలో ఉన్నా ఆ అదుముడు ఆగదు. మెల్లగా సీటు మీద గుండ్రటి గాడి పడుతుంది. నాకిది తెలుసు. మాన్యువల్‌లో చదివాను. చదివీ వదిలేశాను.

తర్వాతి నెల కర్ణాటక తీరంలో, మురుడేశ్వర్ నుంచి పడవలో వెళ్ళే నేత్రాణి దీవి. దూకేముందు ఒకరి సామాను ఒకరు తనిఖీ చేసుకోవడం ఆనవాయితీ. నా ఆక్టోపస్ నోట్లో పెట్టుకుని రెండుసార్లు పీల్చి, "సర్వీస్ ఎప్పుడు చేశావ్?" అన్నాడు.

"మొన్నే."

మూడింట రెండొంతులు నిజం. దూకాం, చేపల్ని చూశాం, పైకొచ్చాం. ఏమీ కాలేదు.

ఏమీ కాలేదు కాబట్టి తప్పు లేదా? ఒకే నిర్లక్ష్యం చేసిన ఇద్దరిలో ప్రమాదం జరిగినవాడినే ఎందుకు ఎక్కువ నిందిస్తామని బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 1976లో ఓ చర్చ లేవదీశారు. నైతిక అదృష్టం అన్నారు దాన్ని. నా దగ్గర ఇంకో సమర్థన కూడా ఉంది. ఈ వాల్వులు సాధారణంగా పాడైతే గాలి ఆపవు, ధారగా వదిలేస్తాయి. అలాగే డిజైన్ చేస్తారు. కానీ ఆక్టోపస్ వాడేది ఎప్పుడు? ఒకే సిలిండర్‌ని ఇద్దరు పీలుస్తున్నప్పుడు. గాలి వృథా కాకూడని సమయం అదే.

నన్ను ఎక్కువ తొలిచింది ప్రమాదం లెక్క కాదు, "నా ప్రాణమేగా" అన్న మాట. మిల్ గీసిన గీతకి ఇవతల ఉన్నాననుకుని నేను ఏ వస్తువుని చేతిలో పట్టుకుని వాదించానో, అందులో ఒక భాగం మొదట్నుంచీ నాది కాదు. ఆక్టోపస్‌ని నేను కొన్నాను, నేను మోస్తాను, కానీ అది పక్కవాడిది. పైగా నేను పొదుపు చేసింది సరిగ్గా అక్కడే. నా నోట్లోదానికి కొత్త సీటు, అతని నోట్లోకి వెళ్ళేదానికి పాతది. మా అమ్మ మంచి గ్లాసులు చుట్టాల కోసం దాచి మాకు సొట్టలు పడ్డవాటిలో నీళ్ళిచ్చేది. నేను దాన్ని తిరగేశాను.

నేనొక్కణ్ణే కాదు. ఆక్టోపస్‌గా తక్కువ రకం మోడల్ కొనడం డైవర్లలో మామూలే. దానంతటదే గాలి వదలకుండా కాస్త బిగువుగా సెట్ చేయడమూ మామూలే. అంటే భయంలో, ఆయాసంలో ఉన్నవాడికి కాస్త కష్టపడి పీల్చాల్సింది ఇస్తాం.

ఫ్లోరిడా గుహల్లో ఈదే డైవర్లు దీనికో ఉపాయం పాటిస్తారు. వాళ్ళు పీల్చే సెకండ్ స్టేజ్‌కి సుమారు 2 మీటర్ల పొడుగు గొట్టం ఉంటుంది. గాలి అయిపోయినవాడు వస్తే తమ నోట్లోది తీసి ఇచ్చేస్తారు. అది పనిచేస్తోందని ఆ క్షణందాకా పీల్చారు కాబట్టి తెలుసు. మెడలో రబ్బరు తాడుతో వేలాడే రెండోది తాము తీసుకుంటారు. ఇప్పుడు రెండోదాన్ని ఎవడైనా నిర్లక్ష్యం చేస్తాడా? సొంత రిపేరు హక్కు మీద నా నమ్మకం పోలేదు. కానీ నా పని మీద నాకు నిజంగా నమ్మకముంటే దాని ఫలితం ముందు నా నోట్లోకి రావాలి. టెక్నీషియన్‌కి సర్టిఫికెట్ అయినా ఉంది. నాకు ఉన్నది నా మాట ఒక్కటే. ఆ మాట పడవ మీద "మొన్నే" అంది.

మూడో కిట్ తెప్పించాను. విప్పితే పాత సీటు మీద గాడి గోరుకి తగిలింది. దాన్ని ఫోటో తీసి స్నేహితుడికి పంపి, ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గొట్టం పొడుగుది కొను. ఈసారి నీ నోట్లోదే ఇవ్వు" అన్నాడు.

కొన్నాను. వచ్చే డైవ్‌లో మెడలో వేలాడేది నాది.