దీపము ఆరినంత మాత్రమున

పఠనము: మత్తయి సువార్త 23:25–28



గిన్నె వెలుపల కడిగి లోపల విడిచిపెట్టువారిని గూర్చి ప్రభువు పలికిన మాటలపై మేము అనేక పర్యాయములు ప్రసంగించియున్నాము. వాటి భావమును తాండూరులో ఒక స్విచ్చిబోర్డు ఎదుట నేర్చుకొనవలసి వచ్చునని తలంచలేదు.

మా సంఘములో ఒక విధవరాలి యింట దీపపు స్విచ్చి పగిలినది. మిస్త్రీకి కూలి యిచ్చుట ఆమెకు భారమని యెంచి, మేమే క్రొత్త స్విచ్చి కొని తీసికొనిపోతిమి. బోర్డు విప్పి చూడగా లోనికి వచ్చు వైర్లు రంగు వెలసి ఒక్క తీరుగా నుండెను. ఏది ఫేజు, ఏది న్యూట్రల్ అని టెస్టరుతో చూడక, తోచినట్లు బిగించితిమి. నొక్కగా దీపము వెలిగెను. మరల నొక్కగా ఆరెను. ఆమె యిచ్చిన టీ త్రాగి, ప్రార్థన చేసి, సంతోషముతో వచ్చితిమి.

వానకాలమున ఆ బల్బు మాడిపోయెను. ఆమె కుమారుడు స్విచ్చి ఆపి, ఇనుప స్టూలు ఎక్కి, పాత బల్బు తీసెను. ఇక్కడి యిండ్లలో నేల అంతయు నాపబండలే గదా. ఆ దినమున అవి తడిసియుండెను. వ్రేలు హోల్డరులోని పిన్నుకు తగులగానే వాడు క్రిందపడెను. దేవుని కృపవలన బ్రదికెను.

"బంద్ జేసినంకనే ఎక్కిండు అయ్యగారూ, కరెంటు ఎట్లొచ్చె?" అని తల్లి అడుగగా మాయొద్ద జవాబు లేకపోయెను.

స్విచ్చి ఆపియుండగానే హోల్డరుకు టెస్టరు ఆనించితిమి. అది వెలిగెను! కరెంటు ఫేజు వైరున వచ్చి, దీపము గుండ న్యూట్రల్ వైరున తిరిగిపోవును. ఏ వైరును తెంచినను దీపము ఆరును. మేము తారుమారుగా బిగించుటవలన స్విచ్చి న్యూట్రల్‌లో పడెను. పోవు త్రోవ మూసితిమి గాని వచ్చు త్రోవ తెరచియే యుండెను. ఆరిన దీపమునందు 230 వోల్టులు కాచుకొనియుండెను; ఆ బాలుని దేహమే దానికి నేలకు పోవు త్రోవ ఆయెను. న్యూట్రల్‌లో ఒంటి స్విచ్చి పెట్టరాదని 1956 నాటి భారత విద్యుత్ నియమములే చెప్పియుండెను.

కావున ఈ పనికి పూనుకొనువారు మొదట టెస్టరు పనిచేయుచున్నదో లేదో చూచుకొనవలెను. కరెంటు ఉండగానే ఏ వైరు ఫేజో దానితో కనుగొని, గురుతు పెట్టుకొనవలెను. తరువాత మెయిను ఆపి, ఫ్యూజు ఊడదీసి జేబులో వేసికొనవలెను. ఇంటిలో ఎవరైన తెలియక మెయిను వేయుదురు. బోర్డులో వెలుగు రాదని మరల చూచి, ఫేజును స్విచ్చికిని, స్విచ్చినుండి దీపమునకును కలుపవలెను. న్యూట్రల్ తిన్నగా దీపమునకే పోవలెను. రాగి తీగెలు మెలిపెట్టి, ఒక్క పోగైనను బయటకు రాకుండ బిగించవలెను. ఆకుపచ్చని ఎర్తు వైరును స్విచ్చికి ముడిపెట్టకూడదు. కరెంటు ఇచ్చి, స్విచ్చి ఆపి, బల్బు లేని హోల్డరును టెస్టరుతో చూడవలెను. వెలిగినయెడల పని తప్పినది. సందేహమున్నచో మిస్త్రీని పిలువుడి. మేము మిగిల్చిన కూలి ఎంత పని చేసెనో చూచితిరి గదా.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పోయిన సంవత్సరము కందిచేని గట్టు విషయమై తగవులాడిన రెండు కుటుంబములను, ప్రభురాత్రి భోజనమునకు ముందు చేతులు కలుపుమంటిమి. కలిపిరి. కేకలు ఆగెను. సమాధానమాయెనని నివేదికలో వ్రాసితిమి. ఆ గట్టును ఎవరు జరిపిరో మాత్రము అడుగలేదు. అడిగిన యెడల కేకలు మరల లేచునని భయపడితిమి. నేటికిని ఒకరి బావినీళ్ళు ఒకరు ముట్టరు.

మరునాడు ఆ తల్లియొద్దకు పోయి తప్పు మాదేనని ఒప్పుకొని, బోర్డు విప్పబోతిమి. ఆమె అడ్డము వచ్చి, "ముందుగాల ఫ్యూజు తియ్యుండ్రి అయ్యగారూ" అనెను. తీసి, ఆమె చేతికే యిచ్చితిమి.

వచ్చు శనివారము గొలుసు పట్టుకొని ఆ గట్టు మీదికి పోవుచున్నాము. రెండు ఇండ్లవారిని పిలిచితిమి. ఒకరు వత్తుమనిరి.