సంజయ రాయబారమూ, కటంగా శాంతీ

ఉద్యోగపర్వం పాఠం చెబుతూ ఉండగా ఒకనాడు తరగతిలో ఒక విద్యార్థి లేచి ప్రశ్న వేశాడు. సంజయ రాయబారం ఘట్టం అది. యుద్ధం వల్ల కులనాశనం తప్పదనీ, బంధువులను చంపి రాజ్యమేలడం కన్న శాంతి మేలనీ సంజయుడు ధర్మరాజుకు ఎంతో వినయంగా బోధిస్తాడు. ఆ మాటల్లో అబద్ధం లేదు. అయితే, పోయిన రాజ్యంలో భాగం తిరిగి ఇస్తామన్న మాట కూడా లేదు. "సంజయుడు ధృతరాష్ట్రుని దూత, అందుకే అలా మాట్లాడాడు" అని నేను వివరించాను. "మరి ఎవరి దూతా కాని మధ్యవర్తి వచ్చి ఇదే మాట చెబితే అది ధర్మమవుతుందాండీ?" అని అడిగాడు ఆ కుర్రవాడు. గంట కొట్టారు. నేను బతికిపోయాను.

కాని ప్రశ్న నన్ను వదలలేదు. దానికి జవాబు పురాణంలో కన్న చరిత్రలో వెదకడం మంచిదనిపించింది. ఎవరి దూతా కాని మధ్యవర్తి అటువంటి మాట చెప్పిన సందర్భం మన కాలపు చరిత్రలో ఒకటి ఉంది. అది 1960లో కాంగోలో కటంగా రాష్ట్రం విడిపోయినప్పుడు ఐక్యరాజ్యసమితి నడిపిన శాంతి ప్రయత్నం.

1960 జూన్ 30న కాంగోకు స్వాతంత్ర్యం వచ్చింది. వారం తిరగకుండానే సైన్యం తిరగబడింది. తమవారిని కాపాడుకోవాలన్న నెపంతో బెల్జియం సేనలు దిగాయి. జూలై 11న మొయిజ్ షోంబే కటంగా స్వతంత్ర రాజ్యమని ప్రకటించాడు. కటంగా అంటే రాగి, కోబాల్టు. హిరోషిమా మీద పడిన బాంబులోని యురేనియంలో పెద్ద భాగం కటంగాలోని షింకోలోబ్వే గనిది. ఈ సంపద నంతటినీ తవ్వుకునే కంపెనీ పేరు యూనియన్ మినియేర్. విడిపోయిన మరుక్షణం నుంచి ఆ కంపెనీ కట్టే పన్నులు కాంగో ఖజానాకు పోవడం మాని షోంబే ఖజానాకు చేరసాగాయి. ఆ డబ్బుతో బెల్జియన్ అధికారుల కింద ఒక సైన్యం తయారయింది. కిరాయి సైనికులు వచ్చి చేరారు.

ఇక్కడ మనలో కొందరికి ఒక సందేహం కలగవచ్చు. జాతుల స్వయంనిర్ణయాధికారాన్ని మనం ఒప్పుకుంటాం గదా. కటంగా విడిపోతానంటే కాదనడానికి మనకేమి హక్కు? ఒకచోట విడిపోవడాన్ని సమర్థించి, మరొకచోట ఖండించడం సిద్ధాంతమా, అవకాశవాదమా? ఈ సందేహాన్ని కసరి కొట్టివేయకూడదు. విడిపోతామన్నవారు ఎవరో ముందు చూడాలి. 1960 మే ఎన్నికల్లో షోంబే పక్షానికి రాష్ట్ర శాసనసభలో సగం స్థానాలయినా రాలేదు. అతని ప్రభుత్వం ఏర్పడేందుకు వీలుగా బెల్జియం నిబంధనలే మార్చింది. ఉత్తర కటంగాలోని బలూబాలు ఈ రాజ్యం మాకు అక్కరలేదని తిరగబడితే, షోంబే సైనికులు వారి గ్రామాలు తగలబెట్టారు. తన ప్రజలలోనే ఇంతమందికి నిర్ణయాధికారం లేకుండా చేసినవాడు స్వయంనిర్ణయం పేరెత్తడం చెల్లదు.

కేంద్రం వైపు మచ్చ లేదని మాత్రం నేను అనను. 1960 ఆగస్టులో దక్షిణ కసాయి మీదికి వెళ్ళిన కేంద్ర సైన్యం బక్వాంగాలో బలూబాలను ఊచకోత కోసింది. ఐక్యత అన్న మాట పవిత్రమయినంత మాత్రాన దాని పేరుతో చేసిన హత్య పవిత్రం కాదు.

ఇక మధ్యవర్తి సంగతి. కాంగో ప్రభుత్వమే పిలవగా జూలై 14న భద్రతా సమితి సేనలను పంపడానికి తీర్మానించింది. క్రమంగా ఆ సేన దాదాపు 20,000 దాకా పెరిగింది. ఆగస్టు 9 నాటి తీర్మానం సమితి సేనలు కటంగాలో ప్రవేశించాలన్నది. అదే తీర్మానం, దేశంలోని అంతఃకలహంలో ఆ సేన ఏ పక్షమూ వహించరాదనీ, ఫలితాన్ని ప్రభావితం చేయరాదనీ కూడా చెప్పింది. ప్రధాన కార్యదర్శి హామర్‌షీల్డ్ ఆ నెల 12న కొద్దిపాటి స్వీడిష్ సైనికులతో ఎలిజబెత్‌విల్‌లో దిగి షోంబేతో సంప్రదించాడు. పిలిచిన ప్రధానమంత్రి లుముంబాను సంప్రదించలేదు. లుముంబా మండిపడ్డాడు. అతనికి తొందరపాటు ఎక్కువ అని నాటి పత్రికలు రాశాయి. కాని అతని అభ్యంతరంలోని న్యాయం చూడండి. ఒకడు పొలం ఆక్రమించి పంట కోసుకుపోతున్నాడు. పొలంగలవాడు పెద్దమనిషిని పిలిచాడు. పెద్దమనిషి వచ్చి, "నేను ఎవరి పక్షమూ కాను. ఇద్దరూ ఉన్నచోటనే ఉండండి, ఎవరూ చేయి చేసుకోవద్దు" అన్నాడు. మాట చూడబోతే ఇద్దరికీ సమానమే. పంట మాత్రం ఒకడి ఇంటికే పోతున్నది.

దీనికంటే స్పష్టమయిన ఉదాహరణ సెప్టెంబరులో జరిగింది. సెప్టెంబరు 5న అధ్యక్షుడు కసవూబు లుముంబాను పదవి నుంచి తొలగించినట్లు ప్రకటించాడు. నెత్తురు చిందకుండా చూడాలని సమితి ప్రతినిధి కోర్డియర్ విమానాశ్రయాలన్నిటినీ, లియోపోల్డ్‌విల్ రేడియోనూ మూయించాడు. మూసివేత అందరికీ సమానమే. అయితే కసవూబుకు నది ఆవలి ఒడ్డున బ్రజావిల్ రేడియో అందుబాటులో ఉంది. లుముంబాకు ఉన్న ఏకైక ఆయుధం అతని గొంతు. అతని బలగం ఉన్నది దూరాన స్టాన్లీవిల్‌లో. వారు రావాలంటే విమానమే దారి. సమానంగా మూసిన తలుపులు ఒక్కడినే బంధించాయి.

తర్వాతి కథ మనకందరికీ తెలిసినదే. సమితి కాపలా ఉన్న ఇంటి నుంచి నవంబరు 27 రాత్రి లుముంబా తప్పించుకున్నాడు. ఇల్లు దాటిన తర్వాత కాపాడే బాధ్యత తమది కాదన్నది సమితి నియమం. మొబుటూ సైనికులు అతన్ని పట్టుకున్నారు. 1961 జనవరి 17న అతన్నీ, మపోలోనూ, ఒకీటోనూ ఎలిజబెత్‌విల్‌కు తరలించారు. దెబ్బలతో విమానం దిగిన ఆ ముగ్గురినీ అక్కడి సమితి సైనికులు చూశారు. ఆ రాత్రే, బెల్జియన్ అధికారుల సమక్షంలో, ముగ్గురినీ కాల్చి చంపారు. తన నైతిక బాధ్యతను ఒప్పుకుని క్షమాపణ చెప్పడానికి బెల్జియానికి 2002 దాకా పట్టింది. ఆమ్లంలో కరిగించిన ఆ శరీరంలో మిగిలిన ఒక్క పన్ను 2022లో కుటుంబానికి చేరింది.

అతని మరణవార్త వెల్లడయిన తర్వాత, 1961 ఫిబ్రవరి 21న, అంతర్యుద్ధం ఆపడానికి తప్పనిసరి అయితే బలం వాడవచ్చునని భద్రతా సమితి తీర్మానించింది. భారతదేశం ఒక బ్రిగేడును పంపింది. ఆ డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా ప్రాణమిచ్చాడు. షోంబే కిటోనాలో కాంగో ఐక్యతను ఒప్పుకుని సంతకం చేశాడు. ఇంటికి వెళ్ళి శాసనసభ ఒప్పుకోవాలన్నాడు. మరొక సంవత్సరం సంప్రదింపులలో గడిచింది. గనుల డబ్బు ఆగలేదు. చివరకు 1962 డిసెంబరు 28న సమితి సేనలు కదిలాయి. కొద్ది వారాలలో కటంగా రాజ్యం ముగిసింది. రెండున్నర ఏళ్ళు సాధ్యం కాదన్న పని కొద్ది వారాలలో అయింది.

ఇంత చెప్పి, సమితి అంతా సామ్రాజ్యవాదుల నాటకమని తేల్చివేయడం సులభం. అలా తేల్చినవారు మనలోనూ ఉన్నారు. నేను వారితో ఏకీభవించలేను. సమితి సేనలో దాదాపు 250 మంది చనిపోయారు. హామర్‌షీల్డ్ కూడా షోంబేతో మాట్లాడి కాల్పులు ఆపించడానికి పోతూ, 1961 సెప్టెంబరు 17 రాత్రి దాటాక ఎన్‌డోలా దగ్గర విమానం కూలి మరణించాడు. అతను సంజయుడి వలె ఒకరి దూత కాడు. నిజాయితీపరుడు. అందుకే అతని పొరపాటు మనకు పాఠమవుతుంది. దుష్టుని పొరపాటు నుంచి నేర్చుకునేది తక్కువ, వాడిని తిట్టి ఊరుకుంటాం. మంచివాడు తటస్థంగా ఉండబోయి అన్యాయానికి గడువు సంపాదించి పెట్టాడంటే, లోపం తటస్థత అన్న భావంలోనే వెదకాలి.

నాకు తోచింది ఇది. నిష్పక్షపాతం వేరు, తటస్థత వేరు. నిష్పక్షపాతి ఇద్దరికీ ఒకే కొలమానం వాడతాడు. షోంబే తగలబెట్టిన గ్రామాన్నీ, బక్వాంగా శవాలనూ ఒకే కంటితో చూస్తాడు. ఆ కొలమానంతో కొలిచిన తర్వాత, తప్పు ఎవరిదో చెప్పడానికి జంకడు. తటస్థుడు కొలవడమే మానేస్తాడు. కాల్పులు ఆపడమే గమ్యమనుకుంటాడు. కాల్పులు ఆగడం ఎప్పుడూ మంచిదే. కాని ఆగిన క్షణాన ఎవరి చేతిలో ఏముందో అడగని శాంతి, ఉన్నవాడికి పట్టా రాసి ఇస్తుంది.

ఈ కథకు మరొక ముగింపు కూడా ఉంది. సమితి సేనలు 1964 జూన్ 30న కాంగో విడిచి వెళ్ళాయి. తర్వాతి నెలలో కాంగో ప్రధానమంత్రి అయినవాడు షోంబే. కటంగా తిరిగి కలిసింది, లుముంబా కలలుగన్న కాంగో మాత్రం రాలేదు. సైన్యం సరిహద్దును సరిచేయగలదు. గనులెవరివన్న ప్రశ్న ప్రజలు తేల్చుకోవలసిందే.

ఆ విద్యార్థి ఇప్పుడు కళాశాలలో లేడు. ఈ పత్రిక చదువుతూ ఉంటాడని ఆశ. అతనికి ఆలస్యంగా చెబుతున్న జవాబు ఇది: నాయనా, ఎవరి దూతా కానివాడు చెప్పినా అది సంజయ రాయబారమే అవుతుంది, ఆ మూటలో పోయిన రాజ్యం లేకపోతే.