కష్టం భాషలో ఉందా?

ఫిన్నిష్ నేర్చుకోవడం మహా కష్టమని లోకంలో పేరుపడింది. 15 విభక్తులు, ఐరోపాలోని పెద్ద భాషలతో చుట్టరికం లేని మాటలు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగుల కోసం వేసుకున్న లెక్కలో దానికి సుమారు 1,100 గంటల చదువు కావాలి. అదే జాబితాలో, అదే వరసలో తెలుగూ ఉంది. తెనాలిలో మూడేళ్ల పిల్ల గడగడా మాట్లాడే భాష మరొకరికి కొరుకుడుపడకపోతే, ఆ కష్టం భాషకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, నేర్చేవాడికీ భాషకూ మధ్య ఉన్న సంబంధం. ఆ గంటలు ఇంగ్లీషు గడప నుంచి కొలిచినవి. మన గడప నుంచి కొలిస్తే లెక్క మారుతుంది. ఫిన్నిష్‌లో ‘తలో’ అంటే ఇల్లు, ‘తలోస్సా’ అంటే ఇంట్లో. పేరు చివర ప్రత్యయం అతకడం మనకు కొత్త కాదు. ముందున్న అచ్చును బట్టి ప్రత్యయం మారడమూ కొత్త కాదు. హరికి అంటాం, గురువుకు అంటాం. కాసిని నీళ్లు తాగడానికి వేరే విభక్తి వాడాలన్న పట్టింపు మాత్రం మనకూ కొత్తే.

అయితే దగ్గరి భాష దానంతటదే వచ్చేయాలి కదా అనవచ్చు. బెంగళూరును చూస్తే ఆ మాట నిలవదు. కన్నడ లిపికీ మన లిపికీ తల్లి ఒకటే, వాక్యం కట్టే తీరూ దాదాపు ఒకటే. అయినా ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి ‘కన్నడ గొత్తిల్ల’ (కన్నడం రాదు) దగ్గర ఆగిపోయిన తెలుగువాళ్లు ఎందరో. పసివాడికి భాష ఎలా వస్తుందన్న ప్రశ్నకు మీమాంసకులు వృద్ధవ్యవహారం వల్ల అని జవాబు చెప్పారు. ఒక పెద్దాయన ‘ఆవును తీసుకురా’ అంటాడు, ఇంకొకడు తోలుకొస్తాడు, చూస్తున్న పిల్లవాడికి అర్థం పట్టుబడుతుంది. మాట పనితో ముడిపడిన చోట నిలబడాలి. సిటీ బస్సులో కండక్టరు ‘ఇళీరి, ఇళీరి’ అంటాడు, జనం దిగుతారు; అదే పాఠం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నవాడికి అది అందదు.

పెద్దవాళ్లకు పసివాళ్ల చెవి ఉండదన్న ఆక్షేపణ బలమైనదే. ఉచ్చారణ వరకు ఒప్పుకోవాలి కూడా. కానీ 1853లో జర్మనీ నుంచి మన దేశానికి వచ్చేనాటికి ఫెర్డినాండ్ కిట్టెల్ 21 ఏళ్లవాడు. 1894లో ఆయన కన్నడ-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ఆయన పండితుడు, చదువే ఆయన పని అంటారా? బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌లో పూలు అమ్ముకునే తెలుగు, తమిళ కుటుంబాలవాళ్లు ఏ వ్యాకరణమూ తిరగెయ్యకుండానే కన్నడంలో బేరాలాడతారు. వాళ్లకు అది పొట్టకూటి భాష. ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు, దుకాణంలో ఎదుటివాడే మర్యాదకొద్దీ తెలుగులోకి మారిపోవడం, వీటి మధ్య బతికే ఉద్యోగికి రోజు మొత్తంలో కన్నడంతో ఒక్క పనీ పడదు.