అంటుకట్టు

మా కడియం నర్సరీల్లో తల్లిచెట్టు ఎండిపోయినా రకం పోదు. అప్పటికే అంట్లు కట్టేసి ఉంటారు. ఇరాక్‌లో అల్ ఖైదా శాఖే ఐసిస్ అయిందని చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. మన దగ్గరా అంతే: 2001లో సిమిని నిషేధించారు, అందులోంచే ఇండియన్ ముజాహిదీన్ తేలింది. దాన్ని 2010లో నిషేధించారు, దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు 2013లో.

తర్వాతి గుంపు పేరేంటన్నది నిపుణులు చూసుకుంటారు. దానికి మనుషులు ఎక్కణ్ణుంచి వస్తారన్నదే నా గొడవ. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. పోయింది నమాజుకొచ్చినవాళ్లు, తర్వాత పోలీసులు పట్టుకెళ్లిందీ ముస్లిం కుర్రాళ్లనే. వాళ్లమీద పెట్టిన కేసులు కోర్టులో నిలవలేదు. ఇలాంటి అన్యాయమే రేపటి గుంపుకి ఎరువని నేనూ చాలాసార్లు వాదించాను. ఇప్పుడు ఆ వాదన నాకు మింగుడుపడటంలేదు. జైలునుంచి వచ్చినవాడు మళ్లీ తన పని తను చూసుకుంటుంటే, నేను మాత్రం వాణ్ణి రేపటి ఉగ్రవాదిగా లెక్కేసి, ఆ భయంతో న్యాయం అడుగుతున్నాను. పోలీసుల అనుమానానికీ నా జాలికీ తేడా ఎంత? ఏ గుంపూ పుట్టకపోయినా అది తప్పే కదా.

ఈ మాట కోఠీలో, గోకుల్ చాట్ ముందు నిలబడి అనగలనా? అదే ఏడాది ఆగస్టు 25న అక్కడా, లుంబినీ పార్కులోనూ 42 మంది పోయారు. అనగలననే అనుకుంటున్నాను, కాస్త గొంతు తగ్గించి.