మాట వెనక్కి, డబ్బు వెనక్కి

చిన్నప్పుడు మా ఊళ్ళో దసరాకి హరిశ్చంద్ర నాటకం వేసేవారు. కాటిసీను వచ్చేసరికి ఆడవాళ్ళంతా కొంగులు కళ్ళకద్దుకునేవాళ్ళం. రాజ్యం పోయినా, ఆలిని అమ్ముకున్నా ఆడిన మాట తప్పని మహానుభావుడు మరి! ఇంటికి నడిచొస్తూ మా బామ్మ మాత్రం, "మాట నిలబెట్టుకున్నది ఆయన, అమ్ముడుపోయింది చంద్రమతీనుటే" అనేది. నిద్రమత్తులో ఏదో అంటోందనుకునేదాన్ని. ఆ మాట నాకు బోధపడటానికి యాభై ఏళ్ళు పట్టింది. అదీ సప్తసముద్రాలు దాటి వెళ్ళాక.

2007లో మా అమ్మాయి పురిటికని అమెరికా వెళ్ళాను. వర్జీనియా రాష్ట్రం, వాషింగ్టన్‌కి పక్కనే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ. మనవాళ్ళకి కొదవలేదు, గోంగూరకీ కొదవలేదు. బాలింతకి పథ్యం వండటం, పసిదానికి స్నానం పొయ్యటం తప్ప నాకు వేరే పనిలేదు. జూలై నెలలో ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే గోల: కారు నడిపేవాళ్ళ మీద వచ్చిపడ్డ కొత్త రుసుముల చట్టం. నాకు కారు తలుపు తియ్యటమే సరిగ్గా రాదు కానీ, వినగా వినగా ఆసక్తి పుట్టింది.

"అసలు కథేమిటి బాబూ?" అని మా అల్లుణ్ణి అడిగాను.

"రోడ్లకి డబ్బు చాలట్లేదండీ అత్తయ్యగారూ. పెట్రోలు మీద పన్ను పెంచుదామంటే శాసనసభ్యులకి భయం" అన్నాడు.

భయం ఉండదూ మరి! అక్కడ గాలను పెట్రోలుకి పదిహేడున్నర సెంట్ల పన్ను 1980ల నుంచీ అప్పటిదాకా అలాగే ఉండిపోయింది. పెంచిన పార్టీకి ఓట్లు రాలవు. అందుకని 'పన్ను' అన్న మాట నోట రాకుండా డబ్బు రాబట్టే ఉపాయం ఆలోచించారు. రవాణా నిధుల కోసం తెచ్చిన 3202వ నంబరు బిల్లులో ఈ రుసుములు చేర్చారు. 2007 జూలై 1 నుంచి అమలు. నిర్లక్ష్యంగా కారు నడిపాడని కోర్టులో తేలితే, మామూలు జరిమానా కాక మరో 1,050 డాలర్లు, మూడు వాయిదాల్లో కట్టాలి. అప్పటి లెక్కన మన డబ్బు నలభైవేల పైమాటే. తాగి నడిపితే 2,250. మరీ పెద్ద నేరమైతే 3,000. పోనీ, తాగి నడిపేవాడి మీద నాకేం జాలి లేదు. కానీ అప్పట్లో ఆ రాష్ట్రంలో గంటకి 80 మైళ్ళు దాటితే చాలు, రోడ్డు ఖాళీగా ఉన్నా సరే, నిర్లక్ష్యపు నేరం కిందే లెక్క. ఆసుపత్రికి పరుగెత్తే తండ్రీ, పందెం వేసుకున్న కుర్రాడూ ఒకే గాటన పడతారు.

ఇంకో చిత్రం వినండి. ఈ రుసుము వర్జీనియాలో కాపురం ఉండేవాళ్ళకే! పక్క మేరీలాండ్ నుంచి వచ్చి అదే రోడ్డు మీద అదే జోరుతో పోయేవాడికి లేదు. పై రాష్ట్రం వాడి దగ్గర వసూలు చెయ్యటం కష్టంట. అది వినగానే నాకు నవ్వాగలేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ! మన సామెతని అంతదూరం ఎవరు మోసుకెళ్ళారో!

జనానికి ఒళ్ళు మండింది. రద్దు చెయ్యమని లక్షమందికి పైగా సంతకాలు చేశారు. ఆగస్టులో హెన్రైకో కౌంటీలో ఒక జడ్జిగారు, ఉన్నవాళ్ళకో నీతీ పైవాళ్ళకో నీతీ రాజ్యాంగానికి విరుద్ధం పొమ్మన్నారు. పైగా నవంబరులో ఎన్నికలు, ఉభయసభల్లో ఉన్న 140 స్థానాలకీ. ఇంకేముంది! ఫిబ్రవరిలో చట్టానికి చెయ్యెత్తినవాళ్ళలోనే కొందరు, వేసవి నాటికి "మళ్ళీ గెలిపించండి, దీన్ని తీసేస్తాం" అనటం మొదలుపెట్టారు. మొదట్లో సమర్థించిన గవర్నరు టిమ్ కెయినే 2008 మార్చిలో రద్దు మీద సంతకం పెట్టారు. అప్పటికి నేను విజయవాడ వచ్చేశాను. మా అమ్మాయి ఫోనులో చెప్పింది. "కట్టినవాళ్ళందరికీ డబ్బు వెనక్కి ఇచ్చేస్తున్నారమ్మా" అని కూడా చెప్పింది. ఆ ఆఖరి మాటే నన్ను పట్టుకుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

మావారు మాత్రం పేపరు మడిచి, "అది పశ్చాత్తాపం కాదు, ఓట్ల భయం" అని కొట్టిపారేశారు.

కావచ్చు. ఆ శాసనసభ్యుల గుండెల్లో దూరి చూసొచ్చిందెవరు? కానీ ఒకటడుగుతాను. భయం వల్ల మానుకున్న తప్పు, మానుకున్నది కాకుండా పోతుందా? డాక్టరు బెదిరించాక సిగరెట్టు మానేసిన మా మరిదిగారి ఊపిరితిత్తులు, "నువ్వు మనస్ఫూర్తిగా మానలేదు, ఒప్పుకోం" అన్నాయా? రుసుము కట్టలేక సతమతమయ్యే ఇల్లాలికి కావలసింది చట్టం పోవటం. ఏ బుద్ధితో తీసేశారన్నది తీసేసినవాడికీ దేవుడికీ మధ్య లెక్క.

మాట మీద నిలబడ్డవాళ్ళ సంగతి చూద్దాం. భీష్ముడు సత్యవతి కోసం ఆ ఒట్టు పెట్టుకున్నాడు. కొడుకులిద్దరూ పోయాక ఆ సత్యవతే పిలిచి, "నాయనా, ఇక ఆ ఒట్టు వదిలెయ్యి, వంశం నిలబెట్టు" అని బతిమాలింది. ఎవరి మేలు కోరి పెట్టుకున్నాడో వాళ్ళే వద్దన్నాక కూడా ఆయన వదల్లేదు. అప్పుడా ఒట్టు ఎవరిది? సత్యవతిదా, భీష్ముడి పేరుప్రతిష్ఠలదా? గాంధీగారు నయం. నా రెండు మాటలకీ పొంతన కుదరకపోతే తర్వాత చెప్పిందే తీసుకోండని 1933లో 'హరిజన్' పత్రికలో రాసేశారు. అంత ధైర్యం మన ఇళ్ళల్లో ఏ మగమహారాజుకైనా ఉందేమో చూపించండి. ఆమాటకొస్తే ఆడవాళ్ళకి మాత్రం ఉందా!

అలాగని జనం అరిచిన ప్రతిదానికీ దిగిరమ్మనటం లేదు నేను. హెల్మెట్టంటే మనవాళ్ళకి ఎంత కోపమో తెలుసుగా. 2019 సెప్టెంబరులో కేంద్రం జరిమానాలు పెంచితే, అదే పార్టీ ఏలుతున్న గుజరాత్ పదిరోజులు తిరక్కుండా చాలావాటిని తగ్గించేసింది. హెల్మెట్టు లేకపోతే వెయ్యి అన్నది అక్కడ ఐదువందలయింది. జనం సంతోషించారు. తలకాయలు సంతోషించాయో లేదో! హెల్మెట్టు చట్టం నా తల కోసం. నేను బుద్ధిగా పెట్టుకుంటే సర్కారుకి దమ్మిడీ రాదు, అయినా చట్టం నెగ్గినట్టే. వర్జీనియా రుసుము అలా కాదు. ఏడాదికి ఆరున్నర కోట్ల డాలర్లు వస్తాయని ముందే అంచనా కట్టుకున్నారు. జనమంతా ఒక్కసారి బుద్ధిమంతులైపోతే రోడ్లకి డబ్బు నిండుకుంటుంది! ఎదుటివాడు తప్పు చేస్తేనే నా ఇల్లు గడిచేట్టు లెక్క వేసుకున్నాక, వాడు తప్పు చెయ్యకూడదని నేనెలా కోరుకుంటాను?

ఇది నాకింత బాగా ఎలా తెలుసంటే, ఇలాంటి చట్టం నేనూ ఒకటి చేశాను కనక.

1989లో మా పనిమనిషికి నెలకి 60 రూపాయలు. అంటే రోజుకి రెండు. నాగాలు ఎక్కువయ్యాయని, నెలకి రెండు నాగాలు పోను పైన ప్రతి నాగాకీ మూడు రూపాయలు కోస్తానని ప్రకటించాను. రెండు రూపాయల పనికి మూడు రూపాయల కోత! మావారు లెక్క తప్పిందన్నారు. "క్రమశిక్షణ" అన్నాను. పాలవాడు వారానికో రోజు ఎగ్గొట్టేవాడు, కానీ వాణ్ణి ఒక్క మాట అనలేదు. కోస్తే మానేస్తాడు, ఇంకో పాలవాడు దొరకడు. చూశారా, నా వర్జీనియాకీ ఒక మేరీలాండ్ ఉంది.

నాలుగు నెలల్లో పదమూడు నాగాల కోత, 39 రూపాయలు జమయ్యాయి. నాలుగో నెలలో ఏం జరిగిందో సిగ్గు విడిచి చెబుతాను. స్టీలు సామాన్లవాడి దగ్గర ఒక మూతగిన్నె చూసుకుని, డబ్బు ఎంత తగ్గిందో లెక్కపెట్టుకుంటూ, "ఈ వారం ఇంకో నాగా పెడితే సరిపోను" అనుకున్నాను. ఆ నాగాలు ఆవిడ కొడుక్కి జ్వరం వచ్చినవని నాకు తెలుసు. తెలిసే అనుకున్నాను. ఆ వారం నాగా వచ్చింది, గిన్నె కొన్నాను.

తర్వాతి నెలలో మా ఆడపడుచు పెళ్ళి చూపులకి ఇంటినిండా చుట్టాలు దిగబోతున్నారు. ఆవిడ వచ్చి, "కోతలుంటే నేను రానండమ్మగారూ" అంది. ఆ పూటే కోత ఎత్తేశాను. మావారు, "ఎలక్షన్లొచ్చాయేం?" అన్నారు. ఎత్తేశానే గానీ తప్పయిందని అనలేదు, 39 రూపాయలూ ఇవ్వలేదు. ఆవిడ అడగలేదు. గిన్నె ఇప్పటికీ మా వంటింట్లోనే ఉంది.

వర్జీనియాలో డబ్బు వెనక్కి ఇస్తున్నారన్న ఫోను వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎన్నికలకి భయపడ్డవాళ్ళు కూడా తీసుకున్నది తిరిగిచ్చారు. నేను ఇవ్వలేదు. పొద్దున్నే మావారిని పంతొమ్మిదేళ్ళ వడ్డీ లెక్కగట్టమన్నాను. చక్రవడ్డీ వేసినా నాలుగువందలు దాటలేదు. ఆ అంకె చూస్తే ఇంకా సిగ్గేసింది. కవర్లో వెయ్యి రూపాయలు పెట్టుకుని బయల్దేరాను. అప్పటికి ఆవిడ పనులు మానేసి కొడుకు దగ్గరే ఉంటోంది. ఆ జ్వరం కొడుకే, ఆటో నడుపుతున్నాడు. నన్ను చూసి మంచం దులిపి కూచోబెట్టింది, టీ తెప్పించింది. మా అమ్మాయి గురించీ, పిల్ల గురించీ అడిగింది.

కవరు చేతిలో పెట్టాను. విప్పి చూసుకుని, "ఇదెందుకమ్మగారూ?" అంది.

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు నాలిక మీదికి వచ్చాయి.

"మనవరాలు పుట్టింది కదా, అందుకని" అన్నాను.