ఉడత కుర్రాడి పేరు

జాన్ సింగిల్‌టన్ కోప్లీ 1765లో బోస్టన్‌లో వేసిన తైలవర్ణ చిత్రం ఒకటుంది. ఎర్రటి తెర ముందు, నున్నటి బల్ల దగ్గర ఒక కుర్రాడు కూర్చుని ఉంటాడు. చేతిలో సన్నటి బంగారు గొలుసు, దాని చివర ఒక ఎగిరే ఉడత. పక్కనే గ్లాసులో నీళ్లు. కుర్రాడు మనవైపు చూడడు. ఎటో చూస్తూ ఏదో ఆలోచనలో ఉంటాడు. అందరూ ఆ బొమ్మని ఉడత పేరుతోనే చెప్పుకుంటారు. కుర్రాడి పేరు హెన్రీ పెల్హమ్. కోప్లీకి తమ్ముడే, తల్లి ఒకరే, తండ్రులు వేరు.

ఇది ఎవరో డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మ కాదు. తన పనితనం లండన్‌లో ఏపాటిదో తేల్చుకుందామని కోప్లీ దీన్ని అక్కడికి పంపాడు. 1766లో ప్రదర్శనలో పెట్టారు. జాషువా రెనాల్డ్స్ మెచ్చుకున్నాడు, గీత కాస్త బిరుసుగా ఉందని కూడా అన్నాడు. బల్ల మెరుపు, గాజు, నీళ్లు, ఉడత బొచ్చు, వీటన్నిటితో పాటు తమ్ముడి మొహం కూడా ఆ పరీక్షలో భాగమే. మరి కోప్లీ తమ్ముణ్ణి వాడుకున్నట్టేనా?

మనిషిని కేవలం ఒక సాధనంగా చూడకూడదన్నాడు కాంట్. ఆ ‘కేవలం’ దగ్గరే ఉంది చిక్కంతా. ఒకరినొకరు వాడుకోకుండా మనకి ఒక్క రోజు గడవదు. ఎక్కడ ఆగాలన్నదే ప్రశ్న.

హెన్రీ జీవితంలోనే దీనికి ఇంకో ఉదాహరణ ఉంది. 1770 మార్చి 5న బోస్టన్‌లో బ్రిటిష్ సైనికులు జనం మీద కాల్పులు జరిపారు. ఐదుగురు చనిపోయారు. ఆ ఘటనని హెన్రీ బొమ్మగా గీశాడు. అతను నమ్మి చూపించిన ఆ బొమ్మని పాల్ రెవియర్ రాగిరేకు మీద చెక్కి, అచ్చేసి, తనే ముందుగా అమ్మకానికి పెట్టేశాడు. అచ్చు మీద రెవియర్ పేరుంది, హెన్రీ పేరు లేదు. ఇది దారిదోపిడీ లాంటిదేనని మండిపడుతూ హెన్రీ అతనికి ఉత్తరం రాశాడు.

పక్కవాళ్ల బొమ్మ చూసి చెక్కడం ఆ రోజుల్లో మామూలే కదా, పైగా ఆ అచ్చు ప్రజల పోరాటానికి పనికొచ్చింది కదా అనొచ్చు. పనికొచ్చిన మాట నిజమే. కానీ ఆశయం ఎంత గొప్పదైనా, దాని ఖర్చు అడగకుండా ఇంకొకడి జేబులోంచి తీస్తే అది విరాళం అవదు. హెన్రీ తర్వాత బ్రిటిష్ రాజు పక్షాన ఉండి, 1776లో బోస్టన్ వదిలి వెళ్లిపోయాడు. ఓడిన పక్షం వాడైనంత మాత్రాన అతనికి జరిగిన అన్యాయం చిన్నదైపోదు.

నాకు తోచిన కొలత ఇది: వాడుకోవడం అయిపోయాక ఆ మనిషి ఇంకా కనిపిస్తున్నాడా? అన్న వేసిన బొమ్మలో హెన్రీ ఉన్నాడు. తన ఆలోచనేదో తనకుంది, దాన్ని మనం లాక్కోలేం. రెవియర్ అచ్చులో హెన్రీ చెయ్యి ఉంది, మనిషి లేడు.

కోప్లీ 1768లో రెవియర్ బొమ్మ కూడా వేశాడు. చేతిలో టీ కెటిల్‌తో కూర్చుని, నేరుగా మన కళ్లలోకి చూస్తుంటాడు. ఇప్పుడా రెండు బొమ్మలూ బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలోనే ఉన్నాయి. రెవియర్‌ని ఎవరూ ‘కెటిల్ పట్టుకున్న మనిషి’ అనరు. మనం మాత్రం హెన్రీని ‘ఉడత కుర్రాడు’ అని ఊరుకున్న ప్రతిసారీ, రెవియర్ చేసిన పనే ఇంకాస్త చిన్నగా చేస్తున్నామేమో అనిపిస్తుంది.